మధ్యలో పడిన ఫుల్‌స్టాప్

మా అనంతపురంలో వేరుశెనగని ‘వేరుశెనగ’ అనేది వ్యవసాయశాఖవాళ్లూ పేపర్లవాళ్లూ. మిగతా అందరికీ అవి శెనక్కాయలు, ఊరిని బట్టి బుడ్డలు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ ఎప్పుడు పడుతుందో తెలీని ఎర్రనేలలు. 1940లో వచ్చిన టీఎంవీ-2 రకం ఈ నేలల్లో దశాబ్దాలు ఏలింది, తర్వాత కదిరి-6 దాన్ని పక్కకి నెట్టింది. ఈ కాయ చరిత్ర రాయమంటే ఎవరైనా వానా, అప్పూ, మద్దతు ధరా రాస్తారు. నేను రాస్తున్నది ఆ గింజ లోపలి కణంలో ఒక వాక్యం తప్పుచోట ఆగిపోయిన కథ.

శెనక్కాయల నూనెలో ప్రధానంగా రెండు కొవ్వు ఆమ్లాలు: ఓలియిక్, లినోలియిక్. ఎఫ్ఏడీ2 అనే ఎంజైము మొదటిదాన్ని రెండోదిగా మారుస్తుంది. రెండోది గాలి తగిలితే దాదాపు పదిరెట్లు వేగంగా పాడవుతుంది. డబ్బాలో నిలవున్న పప్పు ముక్కిపోయి చేదెక్కడానికి ముఖ్య కారణం అదే. 1987లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో నార్డెన్ బృందం వందల రకాల గింజల్ని పరీక్షిస్తుంటే ఒకదానిలో ఓలియిక్ 80 శాతం, లినోలియిక్ 2 శాతం కనిపించాయి. మామూలు కాయల్లో ఓలియిక్ సగానికి అటూ ఇటూ. ఎవరూ కల్పించింది కాదు, ప్రకృతిలో తనంతట వచ్చిన మార్పే. ఎందుకలా అన్నది తేలడానికి ఇంకో పదమూడేళ్లు పట్టింది.

అది అర్థం కావాలంటే కొంచెం వెనక్కి పోవాలి. జన్యువు సందేశాన్ని రైబోజోమ్ మూడేసి అక్షరాలుగా చదువుతుంది. ‘వానలు పడితే కాయలు’ అన్నట్టు. మొదటి మాట తర్వాత ఒక్క ‘అ’ దూర్చండి: ‘వానలు అపడి తేకాయ లు...’ అక్కణ్ణుంచి అంతా గందరగోళమే, పైగా ఆ గందరగోళంలో ఎక్కడో ఒకచోట ‘ఆగు’ అనే మూడక్షరాలు యాదృచ్ఛికంగా తగులుతాయి. ఆ ఆగు గుర్తులు మూడు: యూఏజీ, యూఏఏ, యూజీఏ. మొదటిదానికి ‘ఆంబర్’ అని పేరు. కాల్‌టెక్‌లో ఎప్‌స్టైన్, స్టైన్‌బర్గ్‌లు తమ స్నేహితుడు హారిస్ బెర్న్‌స్టైన్ పేరుని సరదాగా ఇంగ్లీషులోకి మార్చి పెట్టుకున్న పేరది (జర్మన్‌లో బెర్న్‌స్టైన్ అంటే ఆంబర్). మిగతా రెండిటికీ ‘ఓకర్’, ‘ఓపల్’ అని రంగుల వరసే కొనసాగింది. 1965లో సిడ్నీ బ్రెన్నర్ బృందం మొదటి రెండిటి అక్షరాలు తేల్చింది, 1967లో మూడోదీ తేలింది.

మామూలు కోడాన్ దగ్గరికి ఒక టీఆర్ఎన్ఏ వచ్చి అమైనో ఆమ్లాన్ని అందిస్తుంది. ఆగు గుర్తు దగ్గరికి వచ్చేది మాత్రం ఒక ప్రొటీన్ అని 1967లో మారియో కపెక్కీ చూపించాడు. ఈ విడుదల కారకం రైబోజోమ్‌లోకి దూరి, ఒక నీటి అణువుతో ప్రొటీన్ గొలుసుని తెంపేస్తుంది. పని ముగిసింది.

ఇక్కడ నా వృత్తి అడ్డొస్తుంది. సీ భాషలో స్ట్రింగ్ సున్నా దగ్గర ముగుస్తుంది. పొరపాటున ఆ సున్నా మధ్యలో పడితే, తర్వాతి సగం ఉందో లేదో చదివేవాడికి తెలీదు, ఎవడూ ఫిర్యాదు చేయడు. కణం అలా ఊరుకోదు. 1979లో లోసన్, లాక్రూట్ ఈస్ట్‌లో చూశారు: మధ్యలో ఆగు గుర్తు పడిన సందేశం తొందరగా నాశనమవుతోంది. 1981లో లిన్ మాక్వాట్ తలసేమియా రోగుల కణాల్లో అదే చూసింది. మరి ‘మధ్య’ అని కణానికెలా తెలుస్తుంది? మన కణాల్లో సందేశపు ముక్కలు అతికిన ప్రతిచోటా దగ్గర్లో ఒక ప్రొటీన్ గుంపు ఉండిపోతుంది. రైబోజోమ్ చదువుతూ వాటిని తోసేసుకుంటూ పోతుంది. ఆగు గుర్తు వచ్చాక కూడా ముందు ఇంకా గుంపు మిగిలుంటే, ఇది అర్ధాంతరం అని లెక్క. మొక్కల్లో ఇదీ ఉంది, దీనికి తోడు ఆగు గుర్తు తర్వాత తోక మరీ పొడుగైనా అనుమానమే. యూపీఎఫ్1 అనే ప్రొటీన్ వచ్చి ఆ సందేశాన్ని కత్తిరింపుకి పంపిస్తుంది.

ఇప్పుడు శెనక్కాయ. దాని పూర్వీకులు రెండు అడవి జాతులు, రెండింటి జన్యుసంపదా దీనిలో ఉంది. అంటే ఎఫ్ఏడీ2 రెండు ప్రతులు. ఒకటి చెడినా రెండోది పని నెట్టుకొస్తుంది, అందుకే ఫ్లోరిడా కాయ అంత అరుదు. 2000లో వచ్చిన పరిశోధనల్లో తేలిందేమిటంటే, ఒక ప్రతిలో ఒక అమైనో ఆమ్లం మారి ఎంజైము కుంటుబడింది. రెండో ప్రతిలో, 1140 అక్షరాల వాక్యంలో 442 దగ్గర ఒక ‘ఏ’ అదనంగా దూరింది, కాస్త ముందుకి పోగానే ఫుల్‌స్టాప్. అధిక ఓలియిక్ రకంలో ఈ రెండో ప్రతి సందేశమే బాగా తగ్గిపోయిందని జంగ్ బృందం కూడా అదే ఏడాది రాసింది. ఈ జన్యువు చదివే భాగంలో అతుకులు లేవు, కాబట్టి గుంపు లెక్క ఇక్కడ పనిచేయదు. మిగిలింది పొడుగు తోక. కణం చెత్తబుట్టలో వేసిందని నేననుకునేది ఆ తోక చూసే. ఇది నా ఊహే, కానీ లెక్క కుదురుతోంది.

కణం తప్పుగా లెక్కేసి పారేసిన దాన్నే మనుషులు వెతుక్కుంటూ పోయారు! ఆ ఫ్లోరిడా వంశంలోని సన్ఓలియిక్ 95ఆర్‌ని పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో జనీలా పసుపులేటి బృందం మన రకాలతో సంకరం చేసింది. పిల్ల మొక్కల్లో ఆ రెండు మార్పులూ ఉన్నాయో లేదో డీఎన్ఏ పరీక్షతో చూసుకుంటూ ఏరింది. జునాగఢ్ వేరుశెనగ పరిశోధన సంస్థతో కలిసి తెచ్చిన గిర్నార్ 4, గిర్నార్ 5 అలా పుట్టినవే. 2020 అక్టోబర్ 16న ప్రధాని జాతికి అంకితమిచ్చిన 17 పంటరకాల్లో ఇవీ ఉన్నాయి.

నాకు ఇందులో నచ్చని సంగతొకటుంది. పాడవకుండా ఎక్కువకాలం నిలిచే నూనె, పప్పు వల్ల మొదట లాభపడేది చాక్లెట్, పీనట్ బటర్ కంపెనీలు. వాన పడకపోతే ఆ అదనపు ‘ఏ’ మొక్కని కాపాడదు. రైతుకి లాభం రావాలంటే ఈ కాయకి వేరే ధర కావాలి. వేరే ధర కావాలంటే విత్తనం దగ్గర్నుంచి గోనెసంచి దాకా విడిగా ఉంచాలి, మామూలు రకంతో కలిస్తే ఆ 80 శాతం పడిపోతుంది. కంటితో ఆ తేడా పట్టలేం, యంత్రమే చెప్పాలి. కల్లంలో రెండు కుప్పలు పక్కపక్కన పోస్తే, గింజ రంగు చూసో కొరికి చూసో ఏది ఏదో చెప్పగలిగినవాళ్లు మా ఊళ్లో ఎవరూ లేరు.