విద్యుత్ వృత్తిలో అప్రెంటీసు నమోదు: కోలారు, కోయంబత్తూరు తెలుగువారి చరిత్రలో ఒక ఘట్టము

తెలుగువారు కన్నడ దేశమునకును తమిళ దేశమునకును వలసపోయిన చరిత్రను వ్రాయువారు సాధారణముగా విజయనగర నాయకులతో ఆరంభించి, నల్లరేగడి సాగుతోను, మగ్గముతోను ముగింతురు. ఆ కథ సత్యమే గాని అసమగ్రము. ఇరువదవ శతాబ్దిలో ఈ ప్రాచీన స్థావరముల ముంగిటికి ఒక క్రొత్త వృత్తి తానై వచ్చెను. కొండలపై పుట్టి, తీగల వెంట నడచి, కోలారు గనులలోనికిని కోయంబత్తూరు మిల్లులలోనికిని ప్రవేశించిన విద్యుచ్ఛక్తియే ఆ వృత్తికి మూలము. దానిని నేర్చినవారెవరు, ఎట్లు నేర్చిరి, నేర్చితిమని ఎవరియెదుట ఎట్లు రుజువు చేసికొనిరి అను ప్రశ్నలు మన సంఘచరిత్రలో మరుగున పడియున్నవి.

1902 జూన్ 30వ తేదీన కావేరి తీరమందలి శివనసముద్రము నుండి కోలారు బంగారు గనులకు విద్యుత్తు ప్రవహించెను. దివాను శేషాద్రి అయ్యరు ప్రోత్సాహమున, జోలి డి లొట్బినియరు అను కెనడా దేశపు ఇంజనీరు పథకము ననుసరించి ఈ కార్యము నెరవేరెను. యంత్రభాగములను ఏనుగులచేతను, ఎడ్లబండ్లచేతను ఆ కొండలోయలోనికి చేరవేసిరి. దాదాపు 92 మైళ్ల పొడవున సాగిన ఆ తీగమార్గము ఆనాటికి లోకమందలి మిక్కిలి దీర్ఘమైనవానిలో నొకటి. బెంగుళూరు వీధులలో విద్యుద్దీపములు వెలిగినది అటు తరువాత మూడేండ్లకు, 1905లో. రాజధానికన్న ముందు గని వెలిగెను! ఆనాటి ప్రభుత్వపు దృష్టిలో దేని విలువ ఎంతయో దీనినిబట్టియే గ్రహింపవచ్చును.

కోలారు సీమ తెలుగు వినబడని నేల కాదు. ముళబాగిలు, శ్రీనివాసపురము, బంగారుపేట ప్రాంతములందు తరతరములుగా తెలుగే ఇంటిభాషగా గల కుటుంబములు అనేకము. గని కార్మికులలో ఉత్తర ఆర్కాటునుండి వచ్చిన తమిళులు అధికసంఖ్యాకులైనను, చిత్తూరు సీమనుండియు చుట్టుపట్ల గ్రామములనుండియు వచ్చిన తెలుగువారును గణనీయముగా నుండిరి. విద్యుత్తు రాకతో గనిలోనికి దింపు యంత్రములు, నీరు తోడు పంపులు, గాలి నడుపు పంకాలు దానిపై ఆధారపడెను. భూమికి వేలాది అడుగుల లోతున పంకా ఆగినచో పైనున్నవానికి అది యంత్రదోషము, క్రిందనున్నవానికి ప్రాణసంకటము. అందుచే తీగపని తెలిసినవానికి గనిలో ఒక ప్రత్యేకమైన గౌరవముండెను.

ఇచట ఒక విషయము విచారింపదగును. మన సంఘమున శిష్యరికము క్రొత్తది కాదు. కంసాలి బాలుడు తండ్రి కుంపటియొద్దను, సాలె బాలుడు తాత మగ్గపు గుంతయొద్దను పని నేర్చెను. వానికి కాగితముతో పని లేదు. వాడు ఫలానివాని కుమారుడనుటయే వానికి యోగ్యతాపత్రము. విద్యుత్తు విషయమున ఈ ఏర్పాటు పనికిరాలేదు. అది ఏ కులమునకును తాతలనాటి వృత్తి కాదు. తండ్రి సేద్యగాడు, కుమారుడు వైర్‌మన్. ఇతడు నేర్చెనని చెప్పుటకు ఇంట ఎవరును లేరు. ఊర నెవరికిని ఆ పని తెలియదు. కాబట్టి సాక్ష్యము బయటినుండి రావలసివచ్చెను. ఆ సాక్ష్యమునకే కాలక్రమమున నమోదు అని పేరు.

చట్టరూపమున అప్రెంటీసు ఒడంబడిక మన దేశమున 1850 నుండియు కలదు. ఆ సంవత్సరపు 19వ చట్టము అనాథలను, ధర్మసంస్థలలో పెరిగిన పేదపిల్లలను ముఖ్యముగా నుద్దేశించినది. పది యేండ్లు దాటి పదునెనిమిది నిండని బాలుని తండ్రిగాని సంరక్షకుడుగాని ఏడేండ్లకు మించని గడువునకు ఒక యజమానికి ఒప్పగింపవచ్చును. ఇరువదియొకటవ యేటితో ఆ బంధము తీరవలెను. బాలిక విషయమున వివాహముతో తీరును. ఇందు వృత్తివిద్యకంటె బాలుని ఎవరో ఒకరి నీడకు చేర్చుటయే ప్రధానముగా కనబడును. విద్యుత్ వృత్తికి ఇది సరిపడు కొలత కాదనుట స్పష్టము.

కోయంబత్తూరు కథ వేరు విధమైనది. అచటి తెలుగు కమ్మవారు నల్లరేగడిలో ప్రత్తి పండించి, పిదప ఆ ప్రత్తిని వడకు మిల్లులకు యజమానులైరి. 1932లో నీలగిరులందలి పైకారా జలవిద్యుత్తు అందుబాటునకు రాగా ఆ పట్టణము రూపు మారెను. మిల్లులు పెరిగెను, పొలములందు బావులకు మోటారు పంపులు అమరెను. మోటారు కాలినచో బాగుచేయువాడు కావలెను. బాగుచేయువాడు కొన్నాళ్లకు తానే తయారు చేయబూనెను. 1937లో జి.డి. నాయుడు, డి. బాలసుందరం నాయుడు గార్ల పూనికతో వెలువడిన విద్యున్మోటారు దేశమున తయారైన మొదటిదిగా ప్రసిద్ధికెక్కెను. పీలమేడు అను చిన్న గ్రామము ఈ పరిశ్రమకు పుట్టినిల్లు.

1893లో కలంగల్ గ్రామమున జన్మించిన గోపాలస్వామి దొరస్వామి నాయుడుగారు బడిచదువు అంతగా లేనివారు. ఒక మోటారుసైకిలును కొని, దానిని విప్పి మరల బిగించి యంత్రరహస్యమును గ్రహించినవారు. 1920లో పొల్లాచ్చి, పళని పట్టణముల మధ్య బస్సు నడిపి, కాలక్రమమున గొప్ప రవాణా సంస్థకు అధిపతియైరి. 1945లో ఆయన దాతృత్వమున, ఆనాటి మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేరున, సాంకేతిక విద్యాలయము వెలసెను. అదియే నేటి కోయంబత్తూరు ప్రభుత్వ సాంకేతిక కళాశాలకు మూలము. ఇంజనీరింగు చదువునకు నాలుగేండ్లు వ్యర్థమనియు, రెండేండ్లు చాలుననియు ఆయన వాదించెననియు, ప్రభుత్వము సమ్మతింపకపోగా సంస్థనుండి తప్పుకొనెననియు ప్రసిద్ధి. ఈ వాదమును కేవలము ఒక మేధావి విపరీతబుద్ధిగా కొట్టివేయుట న్యాయము కాదు. చేతితో నేర్చిన విద్యకును పత్రముతో వచ్చిన విద్యకును గల వైరము ఆయన జీవితమందే మూర్తీభవించినది. ఆయన దక్షత నెవరును శంకింపలేదు. కాని ఆయన కార్ఖానాలో పని నేర్చిన సామాన్య బాలునికి ఆయన పేరుప్రతిష్ఠలు లేవు గదా! వానికి పత్రమే శరణము.

ఇదే పట్టణమున పి.ఎస్. గోవిందస్వామి నాయుడుగారి కుమారులు 1926లో ధర్మనిధిని స్థాపించి, పారిశ్రామిక శిక్షణాలయమును నెలకొల్పిరి. ఒకేచోట పాఠమును, పని చేయు కార్ఖానాయు నుండుట ఆ సంస్థ విశేషము. పిల్లవాడు ఉదయము విన్నదానిని సాయంకాలము చేతితో చేయుట అను పద్ధతిని ప్రభుత్వము చట్టముగా చేయుటకు చాల ముందే ఒక తెలుగు కుటుంబము ఆచరణలో పెట్టినది.

స్వాతంత్ర్యానంతరము ప్రభుత్వము ఈ రంగమున చురుకుగా ప్రవేశించెను. 1950లో వృత్తిశిక్షణ పథకమును, దానితో ఐ.టి.ఐ.లును వచ్చెను. 1956 నాటి విద్యుత్ నియమములలో 45వది మరొక కట్టుబాటు విధించెను. లైసెన్సు గల కాంట్రాక్టరు ద్వారా, యోగ్యతాపత్రము గలవాని పర్యవేక్షణలో తప్ప విద్యుత్ స్థాపనల పని చేయరాదనుట దాని సారాంశము. తరువాతి నియమావళులును ఈ సూత్రమును విడువలేదు. పని తెలియుట వేరు, పని చేయు అధికారము వేరు అని ఈ వృత్తిలో స్థిరపడినది ఇట్లు.

1961 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన 52వ చట్టము 1850 నాటి చట్టమును త్రోసి దాని స్థానమున నిలిచెను. 1962 మార్చి 1 నుండి అది అమలునకు వచ్చెను. ఈ చట్టమందలి నాలుగవ ప్రకరణమే మన విచారణకు ముఖ్యము. అప్రెంటీసు యజమానితో ఒడంబడిక వ్రాసికొనవలెను. అతడు మైనరైనచో సంరక్షకుడు సంతకము చేయవలెను. ఆ పత్రమును యజమాని అప్రెంటీసు సలహాదారు కార్యాలయమునకు పంపవలెను. సలహాదారు అభ్యర్థి అర్హతను గూర్చి తృప్తి చెందినగాని దానిని నమోదు చేయరాదు. కేంద్రప్రభుత్వ సంస్థలకు కేంద్ర సలహాదారు, ఇతర సంస్థలకు రాష్ట్ర సలహాదారు అధికారి. యజమాని శిక్షణనిచ్చి భృతి చెల్లించవలెను. అప్రెంటీసు శ్రద్ధతో నేర్చి, న్యాయమైన ఆజ్ఞలను పాటింపవలెను. సలహాదారు అనుమతి లేనిదే అధికవేళల పని చేయింపరాదు. ఎలక్ట్రీషియన్, వైర్‌మన్, లైన్‌మన్ మొదలగు వృత్తులు ఈ చట్టము క్రింద నిర్దిష్టములు. గడువు తీరినపిమ్మట పరీక్ష. అందుత్తీర్ణుడైనచో జాతీయ అప్రెంటీసు పత్రము.

ఈ చట్టమున ఒక సూక్ష్మము కలదు. పదునెనిమిదవ ప్రకరణము అప్రెంటీసు శిక్షణార్థియే గాని కార్మికుడు కాడనును. కార్మిక శాసనములు వానికి వర్తింపవు. అయినను పదునారవ ప్రకరణము, పనిలో గాయపడినచో 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టమును అనుసరించి పరిహారము చెల్లింపవలెనని విధించెను. జీతమునకు కార్మికుడు కాడు, గాయమునకు కార్మికుడే! ఇతర వృత్తులలో ఇది కేవలము న్యాయవాదుల చర్చకు పనికివచ్చు విషయము కావచ్చును. తీగనంటినంతనే ప్రాణము పోవు వృత్తిలో ఆ నమోదు సంఖ్యయే తల్లిదండ్రులకు మిగులు ఆధారము. ఒడంబడిక లేని బాలుడు స్తంభముపైనుండి పడినచో, వాడు అచట పనిలో నున్నాడని రుజువు చేయుటయే మొదటి వ్యాజ్యమగును.

ఉద్యోగమును గూర్చి మాత్రము చట్టము హామీ నీయలేదు. ఒడంబడికలో ప్రత్యేకముగా వ్రాసికొన్ననే తప్ప, శిక్షణ ముగిసినవానికి పని ఇచ్చుటకు యజమాని బద్ధుడు కాడు. 1995లో ఉత్తరప్రదేశ్ రవాణా సంస్థ వ్యాజ్యమున సుప్రీంకోర్టు, ఇతర విషయములు సమానమైనపుడు శిక్షణ పొందిన అప్రెంటీసునకు ప్రాధాన్యము చూపవలెనని తీర్పు చెప్పెను. 2014 సవరణ ఈ విషయమున ప్రతి యజమానియు తనదైన విధానమును ఏర్పరచుకొనవలెనని చెప్పి ఊరకుండెను.

కోలారు గనులు 1956లో మైసూరు ప్రభుత్వాధీనమై, 1962లో కేంద్రమునకు సంక్రమించి, 1972లో భారత్ గోల్డ్ మైన్స్ అను సంస్థగా రూపొంది, 2001 ఫిబ్రవరి 28న మూతబడెను. గని మూతబడిననాడు పత్రము విలువ తేటతెల్లమయ్యెను. యోగ్యతాపత్రము గల ఎలక్ట్రీషియను మరొక ఊర తన పత్రమును చూపి పని అడుగగలడు. ముప్పదియేండ్లు గనిలోపల స్విచ్చులు, కేబుళ్లు చక్కదిద్ది, పత్రము లేక, అధికారుల నోటిమాటతోనే నెగ్గుకొనివచ్చినవానికి సాక్ష్యము చెప్పవలసిన ఆ అధికారులే లేకపోయిరి.

ఇతర స్థావరములలోను ఇట్టి చరిత్రయే కొలది భేదములతో కానవచ్చును. షోలాపురపు పద్మశాలీలు చేమగ్గము విడిచి మరమగ్గమునకు మారగా ఆ ఇండ్లలోనే మోటారు వైండింగు పని పుట్టెను. ఒడిస్సా సరిహద్దున మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రము 1955లో ఉత్పత్తి ఆరంభించి, ఆ కొండలలోనికి తెలుగు కుటుంబములను రప్పించెను. యానాము విద్యార్థి పరిస్థితి విచిత్రము. ఊరి చుట్టును ఆంధ్రదేశమే, పాలన మాత్రము దూరమందున్న పుదుచ్చేరిది.

నమోదుకు అడ్డుపడినది విద్యాలోపమొక్కటియే కాదు. తమిళనాట స్థిరపడిన తెలుగువారు ఆ దేశాచారము ననుసరించి ఇంటిపేరును విడిచి, తండ్రి పేరులోని మొదటి అక్షరముతో పిలువబడిరి. బడి రికార్డులో ఒక తీరున, రేషన్ కార్డులో మరొక తీరున, పుట్టుక పత్రములో వేరొక తీరున పేరుండుట సామాన్యము. ఒడంబడిక ఆంగ్లమందు, గుమాస్తా భాష తమిళమో కన్నడమో, సంతకము చేయు తండ్రికి వచ్చినది తెలుగు. తాను ఏమి ఒప్పుకొనుచున్నాడో తెలియక వ్రేలిముద్ర వేసిన తండ్రికి, గడువు మధ్యలో కుమారుని మాన్పించినచో పరిహారము చెల్లింపవలసివచ్చునన్న షరతు ఎట్లు తెలియును? రాజ్యాంగము 350ఎ అధికరణము ద్వారా ప్రాథమిక దశలో మాతృభాషాబోధనకు వసతి కల్పింపుమని రాష్ట్రములను కోరినదే గాని, ఆ బాలుడు పదునాలుగవ యేట కార్ఖానా గుమ్మము త్రొక్కునప్పుడు వాని భాష గుమ్మము బయటనే నిలిచిపోయెను.

2014 సవరణ నమోదు విధానమును మార్చెను. ఒడంబడిక వివరములను ఇంటర్నెట్ ద్వారా ప్రభుత్వ పోర్టలులో ఏడు దినములలోగా చేర్పవలెను. ఆక్షేపణ యున్నచో సలహాదారు పదునైదు దినములలో తెలుపవలెను. ముప్పది దినములలో నమోదు పూర్తికావలెను. ప్రమాదకర పరిశ్రమలలో కనీస వయస్సు పదునెనిమిదిగా నిర్ణయింపబడెను. 2016లో భృతిలో కొంత భాగమును కేంద్రము భరించు పథకము వచ్చెను. 2019 నియమముల ప్రకారము ముప్పదిమంది, అంతకు మించి సిబ్బంది గల సంస్థకు అప్రెంటీసులను చేర్చుకొనుట విధి. నలుగురు మొదలు ఇరువదితొమ్మిదిమంది వరకు ఐచ్ఛికము.

మోటారు వైండింగు అంగళ్లలో అనేకము యజమానియు, ఒకడో ఇద్దరో కుర్రవాండ్రును గలవి. నలుగురు లేని అట్టి అంగడికి ఈ లెక్కలో చోటు లేదు. అచట ఆరేండ్లు రాగితీగ చుట్టిన బాలుడు మోటారు శబ్దమును విని దోషమేదో చెప్పగలడు. ఆ అంగడినుండి ఒడంబడికను మాత్రము పంపజాలడు. ఇట్టివారికై తమిళనాడు ప్రభుత్వము వైర్‌మన్ సహాయకుల యోగ్యతా పరీక్షను జరుపుచున్నది. పని చేసిన అనుభవమే దానికి ప్రధానార్హత. ఆ అనుభవమును ధ్రువపరచు పత్రమును వ్రాసి సంతకము చేయవలసినవాడు మరల ఆ చిన్న అంగడి యజమానియే.