మోటారు మన్నిక, మైలు ఖర్చు

ఘర్షణను గూర్చిన పాఠం ముగిసిన ఒక మధ్యాహ్నం, కరీంనగరంలో మా తరగతిలో ఒక విద్యార్థి లేచి అడిగినాడు: "సార్, లంబోర్గిని కారు ఎవరైనా ఊరికే ఇచ్చినారనుకుందాం. దాన్ని మనం ఒక సంవత్సరం నడపగలమా?" తరగతి అంతా నవ్వినది. నేనూ నవ్వినాను. కాని ఇంటికి పోయిన తరువాత ఆలోచిస్తే అది నవ్వి విడువదగిన ప్రశ్న కాదని తోచినది. కారు కొనడం వేరు, దానిని పోషించడం వేరు. ఏనుగును దానం పట్టినవాడికి మేత సంగతి మరునాడు తెలుస్తుంది. మోటారుకు మేత ఏమిటి? దాని మన్నిక దేనిమీద ఆధారపడుతుంది? ఈ ప్రశ్నలకు మన ప్రాంతపు చరిత్రలోనే మంచి సమాధానాలు ఉన్నవి.

ముందుగా విద్యార్థి అడిగిన జాతి కార్ల సంగతి చూద్దాం. 2005లో అమ్మకానికి వచ్చిన బుగాటి వేరాన్ అనే కారును తీసుకోండి. దానికి 16 సిలిండర్లు, 1,001 అశ్వసామర్థ్యం. యంత్రాన్నీ తదితర భాగాలనూ చల్లబరచడానికి 10 రేడియేటర్లు. గంటకు 400 కిలోమీటర్లకు మించిన వేగంతో పోగలదు. అయితే ఆ వేగంతో నడిపితే 100 లీటర్ల పెట్రోలు తొట్టి 12 నిమిషాలలో ఖాళీ అవుతుంది. ఆ 12 నిమిషాలలో కారు పోయే దూరం 80 కిలోమీటర్లు. అదే 100 లీటర్ల డీజిలుతో మన ఆర్టీసీ బస్సు యాభై మందిని ఎక్కించుకొని సుమారు 500 కిలోమీటర్లు పోతుంది.

దీనికి కారణం గాలి. వేగంగా పోయే వస్తువును గాలి అడ్డుకొనే బలం వేగపు వర్గానికి అనులోమంగా ఉంటుంది. ఆ బలాన్ని ఎదుర్కొనడానికి కావలసిన సామర్థ్యం వేగపు ఘనానికి అనులోమంగా ఉంటుంది. 80 కిలోమీటర్ల వేగం నుండి 400కు పోతే, అంటే వేగం 5 రెట్లయితే, గాలిని చీల్చడానికి కిలోమీటరుకు ఖర్చయ్యే శక్తి 25 రెట్లు, సామర్థ్యం 125 రెట్లు అవుతుంది. ఉపాధ్యాయులు ఈ లెక్కను నల్లబల్లమీద వేసి చూపితే, పాఠ్యపుస్తకంలోని సూత్రం కంటె పిల్లలకు బాగా గుర్తుంటుంది.

ఇక వెనుకకు పోదాం. మోటారు వాహనం పుట్టిన తొలినాళ్లలో అది నమ్మదగిన వస్తువు కాదు. కారు కొన్నవాడు డ్రైవరుతోబాటు మెకానిక్కును కూడా పోషించవలసి వచ్చేది. ఆ అపనమ్మకాన్ని పోగొట్టడానికే 1907లో రోల్స్‌రాయిస్ కంపెనీవారు ఇంగ్లండులో ఒక పరీక్ష జరిపించినారు. ఆరు సిలిండర్ల తమ కారును, తరువాత 'సిల్వర్ ఘోస్ట్' అని ప్రసిద్ధికెక్కినదానిని, లండను గ్లాస్గోల మధ్య మాటిమాటికీ తిప్పినారు. 15,000 మైళ్ల పరీక్షలో టైర్ల ఇబ్బందులు మినహాయిస్తే దారిలో అది తనంత తాను ఆగినది ఒక్కసారే. 629వ మైలు వద్ద కుదుపులకు పెట్రోలు కుళాయి మూసుకొనిపోయినది. పరీక్ష ముగిసిన తరువాత మోటారు క్లబ్బువారు కారును విప్పి, అరిగిన భాగాలను కొలిచి, కొత్తవానితో సమానం చేయడానికి అయ్యే భాగాల ఖరీదు 2 పౌండ్ల 2 షిల్లింగుల 7 పెన్నీలని తేల్చినారు. ఆనాటి మారకం ప్రకారం పౌనుకు 15 రూపాయలు. అంటే ఇంచుమించు 32 రూపాయలు!

అది అంత మన్నడానికి రహస్యమేమీ లేదు. ఏడు లీటర్ల పెద్ద యంత్రం కేవలం 50 అశ్వసామర్థ్యం లోపుగానే పనిచేసేది. నిమిషానికి 1,250 చుట్ల ప్రాంతంలోనే దాని పూర్తి బలం చూపేది. క్రాంకు ఇరుసును ఏడుచోట్ల బేరింగులు పట్టుకొని ఉండేవి. వానికి కందెన నూనె ఒత్తిడితో అందేది. నేటి పరుగుపందెపు కార్ల యంత్రాలు నిమిషానికి 8,000 చుట్లకు పైబడి తిరుగుతవి. ముషలకం, అంటే పిస్టన్, పైకీ కిందికీ పోయేటప్పుడు దానిలోని ప్రతి గ్రాముమీదా పడే బలం చుట్ల సంఖ్య వర్గానికి అనులోమంగా పెరుగుతుంది. 8,000ను 1,250తో భాగిస్తే 6.4. దాని వర్గం సుమారు 41. నేటి యంత్రాలలో పిస్టన్ నడిచే దూరం తక్కువ గనుక కొంత తగ్గించి లెక్కించినా సుమారు 27 రెట్లు వస్తుంది. అందుచేతనే అట్టి యంత్రానికి మేలైన నూనె కావలెను, దానిని తరచుగా మార్చవలెను, విడిభాగం ప్రతిదీ తల వెంట్రుకలో కొద్ది భాగం తేడా కూడ లేకుండా ఉండవలెను. ఖర్చు పెరిగేది ఇక్కడే.

ఆ సిల్వర్ ఘోస్ట్ జాతి కారు ఒకటి హైదరాబాదు రాజ్యానికి కూడ వచ్చినది. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ దానికోసం ఉత్తరువిచ్చినాడు. 1911 ఆగస్టులో ఆయన మరణించినాడు. కారు ఆ తరువాత వచ్చి చేరినది. పసుపుపచ్చని రంగు, వెనుకభాగంలో సింహాసనం వంటి ఎత్తైన ఆసనం. దాని పైభాగాన్ని కట్టినవారు లండనులోని బార్కర్ కంపెనీవారు. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ దానిని ఉత్సవ సమయాలలో మాత్రమే వాడేవాడు. చౌమహల్లా భవనానికి పోయినవారు దానిని ఇప్పుడు కూడ చూడవచ్చును. రాజసేవలో అది నడిచిన మొత్తం దూరం 356 మైళ్లని చెప్తారు. అంటే 573 కిలోమీటర్లు. కరీంనగరం నుండి హైదరాబాదుకు రెండుసార్లు పోయి వచ్చినంత కూడ కాదు.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేద్దాం. ఆ రోజులలో ఈ మాదిరి చాసిస్ ఒక్కదాని ధర ఇంచుమించు 985 పౌండ్లు, అంటే 14,775 రూపాయలు. పైకట్టు ఖరీదు, ఓడ కిరాయి, డ్రైవరు జీతం అన్నీ విడిచిపెట్టి, ఈ ఒక్క మొత్తాన్ని 356తో భాగిస్తే మైలుకు 41 రూపాయలు పడుతుంది. ఇంగ్లండులో 15,000 మైళ్ల అరుగుదల 32 రూపాయలైన యంత్రమే, మన రాజ్యంలో ఒక్క మైలుకు 41 రూపాయలు తిన్నది! యంత్రంలో లోపమేమీ లేదు. వాహనానికయ్యే వ్యయంలో రెండు భాగాలున్నవి. నడిచినా నడవకున్నా అయ్యే స్థిరవ్యయం ఒకటి, నడిచినకొద్దీ అయ్యే చరవ్యయం రెండవది. స్థిరవ్యయాన్ని మైళ్లతో భాగించవలెను. మైళ్లు తగ్గినకొద్దీ భాగఫలం పెరుగుతూనే ఉంటుంది.

పైగా నిలబెట్టిన మోటారు నిలబెట్టినట్లు ఉండదు. గాలిలోని ఓజోన్, ఆక్సిజన్ రబ్బరును పగుళ్లు తేలుస్తవి. పెట్రోలు తొట్టిలో నెలల తరబడి ఉంటే జిగురు పట్టి సన్నని రంధ్రాలను మూస్తుంది. పాత నూనెలోని ఆమ్లాలు, వానాకాలపు తేమ కలిసి బేరింగులను, సిలిండరు గోడలను తుప్పు పట్టిస్తవి. బ్యాటరీ పలకలపై సీసపు సల్ఫేటు గట్టిపడి మళ్లీ కరగదు. బావి మోట, వాడని దినాలలో తోలు ఎండి పగిలినట్లే ఇది కూడ. రాజమందిరాలలోని కార్లెన్నో పరుగెత్తి చెడలేదు, నిలిచి చెడినవి.

రాజధానిలో సంగతి ఇట్లుండగా, మన జిల్లాలలో దారులెట్లుండేవో చూడవలెను. ఆదిలాబాదు జిల్లాలో చాలా భాగం రేగడి నేల. అందులోని మాంట్‌మొరిలొనైట్ అనే బంకమన్ను పొరల మధ్యకు నీరు చేరగానే ఉబ్బుతుంది. చక్రం తిరిగితే మట్టి దానికి అంటుకొని చక్రమే లావవుతుంది. ఎండాకాలంలో అదే నేల చేయి దూరేటంత నెర్రెలు విచ్చుతుంది. కరీంనగరం వైపు ఎర్రనేలలు, మొరం బాటలు. వానలో ఇవి కొంత మేలు, కాని ఎండలో దుమ్ము. దుమ్ములోని క్వార్ట్‌జ్ రేణువు ఇనుముకంటె గట్టిది. తొలినాటి కార్లకు గాలిని వడకట్టే సాధనం లేదు. గాలితోబాటు లోపలికి పోయిన దుమ్ము నూనెతో కలిసి, కత్తులు సానపట్టే ముద్దవలె సిలిండరు గోడలను గీకేది. ఇంగ్లండు బాటలమీద చేసిన పరీక్ష ఈ సంగతిని చెప్పదు.

నిర్మల్ దాటిన తరువాత వచ్చే మహబూబ్ ఘాటు మరొక పరీక్ష. రెండు టన్నుల బండి నూరు మీటర్ల ఎత్తు దిగినదనుకుందాం. అది పోగొట్టుకొనే స్థితిజశక్తి సుమారు 20 లక్షల జౌళ్లు. ఆరు లీటర్ల చల్లని నీటిని మరిగేవరకు తేవడానికి ఇది చాలును. యంత్రపు పట్టు, గాలి కొంత భరించినా, మిగిలినదంతా బ్రేకులు వేడిగా మార్చుకొని బయటికి పంపవలెను. 1920ల మధ్యవరకు రోల్స్‌రాయిస్ కార్లకు సైతం బ్రేకులు వెనుక చక్రాలకే ఉండేవి. ఘాటు దిగిన తరువాత బండి నాపి చక్రాలను చల్లారనిచ్చే అలవాటుకు కారణమిదే.

మా తాత చెప్పిన ఒక సంగతి ఇక్కడ రాయక తప్పదు. 1940ల ప్రాంతంలో, జగిత్యాల దాపున మా ఊరి దొరకు కారు ఉండేదట. అంతకుముందు ఆయన తిరిగే కచ్చురం బండి గడీ వెనుక పాకలో పడి ఉండేదట. తొలకరికి వాగులో కారు దిగబడినప్పుడల్లా గడీనుండి కబురు వచ్చేది. మా ముత్తాత దుక్కి విడిచి, రెండు జతల ఎడ్లతో పోయి దానిని లాగేవాడు. కూలి లేదు, అది వెట్టి. ఒకసారి అట్లా లాగడంలో ఒక ఎద్దు కాలు బెణికి, ఆ ఏడు మా చేను సగమే దున్నినారట. "కారు తాగేది పెట్రోలు, తినేది మా ఎడ్లను" అని తాత అనేవాడు. కారు ఖర్చు లెక్క రాసిన గుమాస్తా పుస్తకంలో పెట్రోలు, టైర్లు ఉంటవి. మా ఎద్దు ఉండదు.

ఇది మన ఒక్క ప్రాంతపు సంగతి కాదు. ఉత్తరదేశంలోని అవధ్ ప్రాంతంలో తాలూక్‌దారులు ఏనుగును కొన్నప్పుడు 'హథియావన్', మోటారు కొన్నప్పుడు 'మోటరావన్' అని రైతులపై అదనపు పన్నులు వేసేవారు. 1920ల రైతు ఉద్యమాలకు ఇట్టి పన్నులు ఒక కారణమైనవి. హైదరాబాదు రాజ్యంలో సర్ఫెఖాస్ గ్రామాల రాబడి నేరుగా నిజాం సొంతానికి పోయేది. 1949లో అది ప్రభుత్వంలో కలిసినది. కరీంనగర్ జిల్లాలో వెట్టికి వ్యతిరేకంగా జగిత్యాలలో రైతుకూలీల జైత్రయాత్ర జరిగినది 1978 సెప్టెంబరులో.

అదే రాజ్యంలో మరొక రకపు మోటారు ప్రయోగం కూడ జరిగినది. 1932 జూన్‌లో నిజాం స్టేట్ రైల్వే వారు రోడ్డు రవాణా శాఖను 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో ప్రారంభించినారు. ఆ బస్సులు స్కాట్లండులోని గ్లాస్గోలో ఆల్బియన్ కంపెనీ చేసినవి. సిల్వర్ ఘోస్ట్ పరీక్షలో పరుగెత్తి చేరిన ఊరే ఈ బస్సులు పుట్టిన ఊరు కావడం చిత్రం. వానికి అందం లేదు, వేగం లేదు. కాని రోజూ నడిచేవి. రోజూ నడిచే బండిని రోజూ చూసే మనిషి ఉంటాడు. ఒకే రకం బండ్లు గనుక ఒకదాని భాగం మరొకదానికి పనికివస్తుంది. అరిగిన టైరుకు మళ్లీ పట్టా వేయవచ్చును. డ్రైవరు ఏ శబ్దం మంచిదో ఏది చెడ్డదో చెవితోనే నేర్చుకుంటాడు. మన ఆర్టీసీ డిపోలలో నేటికీ కిలోమీటరు రాబడి, కిలోమీటరు ఖర్చు, లీటరుకు వచ్చే కిలోమీటర్లు అనే అంకెలు చూస్తారు. ఈ శాఖయే 1951లో రైల్వే నుండి విడిపడి, 1958లో ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థగా మారినది. పాత ఆల్బియన్ ఒకటి హైదరాబాదు బస్ భవన్‌లో నిలిపి ఉన్నది. మన బస్సుల నంబర్లలోని 'జెడ్' అక్షరం నిజాం తల్లి జహ్రా బేగం పేరుమీద పెట్టినదని చెప్తారు. కథ అందంగానే ఉన్నది.

రెండవ ప్రపంచయుద్ధం వచ్చి పెట్రోలుకు రేషను పెట్టినప్పుడు, దేశంలో అనేక బస్సులు, లారీలు బొగ్గువాయువుతో నడిచినవి. బండి వెనుక ఒక పొయ్యి, అందులో కట్టెబొగ్గు. తగినంత గాలి అందకుండ మండిన బొగ్గు కార్బన్ మోనాక్సైడును, కొంత నీటియావిరి చేర్చితే హైడ్రోజనును ఇస్తుంది. ఈ వాయువులో సగం పనికిరాని నైట్రోజన్. కనుక యంత్రపు బలం మూడోవంతుకు పైగా తగ్గేది. ఎత్తు వచ్చినచోట ప్రయాణికులు దిగి నడిచేవారు. నెమ్మదిగా తిరిగే మొరటు యంత్రం గనుకనే ఆ పొగను తాగి బ్రతికినది. నేటి పరుగుకారుకు ఆ వాయువు పెడితే మొదటి కిలోమీటరు దాటదు.

ఆల్కహాలు సంగతి కూడ అప్పటిదే. 1948లో పెట్రోలుతో ఆల్కహాలు కలపడానికి కేంద్రప్రభుత్వం చట్టం చేసినది. మన ఆదిలాబాదు అడవులలో ఇప్పపువ్వు విస్తారం. గోండులకు అది ఆహారం, సారా కూడ. ఎండిన పువ్వు బరువులో సగానికి పైగా చక్కెరలే. టన్ను పువ్వులో 600 కిలోల చక్కెర ఉన్నదనుకుంటే, సిద్ధాంతరీత్యా 300 కిలోలకు పైగా ఆల్కహాలు, అంటే 380 లీటర్లకు పైగా, రావలెను. అయితే లీటరు ఆల్కహాలులోని శక్తి లీటరు పెట్రోలులోని దానిలో మూడింట రెండువంతులే. నేడు బంకులలో అమ్మే పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ కలుస్తున్నది. ఈ ఇథనాల్ పాత రబ్బరు గొట్టాలను ఉబ్బిస్తుంది, తేమను పీల్చుకుంటుంది. పాత కార్లను బాగుచేసి దాచుకొనేవారు ఇప్పుడు ముందుగా మార్చేవి పెట్రోలు గొట్టాలు, వాషర్లు.

మరుసటి వారం ఆ విద్యార్థికి ఈ సంగతులన్నీ చెప్పినాను. అతడు కొంతసేపు లెక్కలు వేసుకొని, "అయితే సార్, కారు తీసుకోను. దాన్ని లాగే ఎడ్లకు కూలి ఎంతో ముందుగా చెప్పుమనండి" అన్నాడు.