బుధవారం సంత ఊరు

ఇంగ్లండ్‌లోని ష్రాప్‌షైర్‌లో టెర్న్ నది పక్కన మార్కెట్ డ్రేటన్ ఉంది. 1086 నాటి డూమ్స్‌డే లెక్కల్లో ఇది ఉత్త డ్రేటన్. 1245లో మూడో హెన్రీ రాజు వారం వారం సంత జరుపుకోమని పట్టా ఇచ్చాక ఊరి దశ తిరిగింది. అప్పట్లో ఎవరికి తోచిన చోట వాళ్లు సంత పెట్టుకోవడానికి వీల్లేదు, రాజముద్ర ఉండాలి. ఆనాడు కుదిరిన బుధవారమే నేటికీ సంత రోజు.

1651లో ఊరికి నిప్పంటుకుని చాలా భాగం కాలిపోయింది. కర్ర చట్రాల ఇళ్లు, గడ్డి కప్పులు, ఇరుకు సందులు కావడంతో మంటను ఆపడం ఎవరి తరమూ కాలేదు. అయినా మళ్లీ కట్టుకునేటప్పుడు కర్రను వదల్లేదు. నేడు యాత్రికులు ఫొటోలు తీసుకునే నలుపు తెలుపు చారల ఇళ్లలో కొన్ని ఆ పునర్నిర్మాణంలో లేచినవే. రైతులు వెన్న, చీజ్ అమ్ముకోవడానికి స్తంభాల మీద నిలిపిన బటర్‌క్రాస్ మండపం ఇప్పటికీ ఊరి నడిబొడ్డున ఉంది.

తెలుగువాళ్లు ఆగి చూడాల్సింది సెయింట్ మేరీ చర్చి గోపురాన్ని. దగ్గర్లోని స్టైచ్ హాల్‌లో 1725లో పుట్టిన రాబర్ట్ క్లైవ్, కుర్రతనంలో ఈ గోపురమెక్కి రాతి బొమ్మ మీద కూర్చున్నాడనీ, అల్లరిమూకను వెంటేసుకుని దుకాణదారుల దగ్గర మామూళ్లు గుంజాడనీ స్థానికులు చెప్పుకుంటారు. ఆ క్లైవే 1758లో ఈస్టిండియా కంపెనీ తరఫున, ఫ్రెంచివారి మీదికి బెంగాల్ నుంచి కల్నల్ ఫోర్డ్‌ను మన తీరానికి పంపాడు. చందుర్తి దగ్గర ఫ్రెంచివారు ఓడారు, మరుసటి ఏడు మచిలీపట్నం కోట కూలింది. 1765లో మన తీరంలోని ఉత్తర సర్కారులకు మొగలు ఫర్మానా తెచ్చుకున్నదీ అతనే. అతణ్ని పాతిపెట్టిన మోర్టన్ సే చర్చి ఇక్కడికి దగ్గరే.

తిండి విషయానికొస్తే, 18వ శతాబ్దం నుంచీ ఈ ఊరికి జింజర్‌బ్రెడ్ పేరు తెచ్చింది. వేలెడంత పొడవున్న గట్టి బిస్కెట్. నేరుగా కొరికితే పళ్లకు పరీక్షే. పోర్టు వైన్‌లో ముంచి, కాస్త మెత్తబడ్డాక తినడం ఇక్కడి ఆనవాయితీ. అల్లం ఘాటు అప్పుడు నెమ్మదిగా నాలుకకు తగులుతుంది.

1835లో థామస్ టెల్ఫర్డ్ రూపొందించిన కాలువ తెరుచుకున్నాక సరుకు పడవల మీద కదిలింది. ఊరి దక్షిణాన టిర్లీ దగ్గర వరసగా అయిదు లాకులున్నాయి. తలుపులు మూసి, నీటిని నింపుతూ వదులుతూ పడవను మెట్టుమెట్టుగా ఎక్కించడం, దించడం గట్టు మీద నిలబడి చూడొచ్చు. 1863లో రైలొచ్చింది, నూరేళ్లకు ప్రయాణికుల బండ్లు ఆగిపోయాయి. కాలువలోనూ ఇప్పుడు తిరిగేవి విహార పడవలే.

సరుకు మోసిన దారులు మారాయి గానీ కొనుగోలుదారులు, అమ్మకందారులు ఎదురుపడే రోజు మారలేదు. కట్టడాలు చూడాలంటే ఏ రోజైనా వెళ్లొచ్చు. వాటిని కట్టించిన బేరసారాలు చూడాలంటే మాత్రం బుధవారమే వెళ్లాలి.