మన్యం పోరాట స్మరణ: జూలై 4 ఎవరి పండుగ?

1922-24 నాటి మన్యం పోరాటాన్ని తలుచుకోవడానికి మన క్యాలెండరులో ప్రధానంగా రెండు తేదీలున్నాయి: దాని నాయకుడు అల్లూరి సీతారామరాజు జయంతి జూలై 4, ఆయన వర్ధంతి మే 7. వీటికి తోడు ఆదివాసీ నాయకుడు బిర్సా ముండా జయంతి నవంబరు 15ను 2021 నుంచి దేశమంతటా జనజాతీయ గౌరవ దివస్‌గా జరుపుతున్నారు. ఇలాంటి దినాలను అందరూ ఒకేలా సొంతం చేసుకోరు. ఆ తేడాను దేశభక్తిలో హెచ్చుతగ్గులుగా లెక్కగట్టడం సరికాదు. స్మరణ ఎవరి పేరున జరుగుతోంది, పోరాట కారణాల్లో వేటిని గుర్తుచేస్తోంది, వేటిని వదిలేస్తోంది అన్నదాన్ని బట్టి ఆదరణ మారుతుందన్నది ఈ వ్యాసం వాదన.

జూలై 4, మే 7 రెండూ ఒక్క మనిషి జీవితానివే. పోరాటానికి దారితీసినవి మాత్రం కొండ జనం కష్టాలు: 1882 మద్రాసు అటవీ చట్టం, పోడుపై ఆంక్షలు, హక్కులు పోగొట్టుకున్న ముఠాదారుల (కొండ గ్రామాల సమూహాలపై పెత్తనం ఉన్నవారి) ఆగ్రహం, నర్సీపట్నం-చింతపల్లి రోడ్డు పనిలో వెట్టి. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో వరుసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై దాడులు జరిగాయి. ఆ మూడు రోజులకు జూలై 4కు ఉన్న ప్రాచుర్యం లేదు. పోరాటంలో ప్రాణమిచ్చిన గాం గంటందొర, శిక్ష అనుభవించి వచ్చి 1952లో లోక్‌సభకు ఎన్నికైన గాం మల్లుదొర పేర్లు ప్రసంగాల్లో అనుబంధాలుగానే మిగులుతున్నాయి. అల్లూరి 125వ జయంతి వేళ, 2022 జూలై 4న, ప్రధానమంత్రి 30 అడుగుల కంచు విగ్రహాన్ని ఆవిష్కరించింది కూడా మైదానంలోని భీమవరంలోనే.

కొండల్లోనూ అనుభవం ఒక్కటి కాదు. 1922లో దాడులు జరిగిన స్టేషన్లున్న ఊళ్లు అరకు లోయకు నైరుతి దిక్కున చాలా దూరం. 2022 ఏప్రిల్‌లో అల్లూరి పేరుతో ఏర్పడిన జిల్లాలో అరకు చేరినంత మాత్రాన ఆ పోరాటం అక్కడి ప్రతి గూడేనికీ ఇంటి జ్ఞాపకమైపోదు. అనంతగిరి మండలంలోని గనుల లీజులపై పుట్టి 1997లో సుప్రీంకోర్టు తీర్పుతో ముగిసిన సమత కేసు, గిరిజన ప్రాంతాల్లో గిరిజనేతరులకు భూమి బదిలీని నిషేధించే 1/70 చట్టం, పోడు పట్టాలు అరకు ప్రాంతానికి ఇప్పటి బతుకుతో ముడిపడిన సంగతులు. అలాగే విశాఖలో డిసెంబరు 4 నౌకాదళ దినోత్సవానికి 1971 యుద్ధ స్మృతితో పాటు నగరంలో నౌకాదళపు నిత్య ఉనికి కూడా బలాన్నిస్తుంది. స్మరణ నిలిచేది ఇలాంటి సజీవ సంబంధం ఉన్నచోటే.

అల్లూరిని మన్యం ప్రజలు కూడా గౌరవిస్తారు కదా అన్న ఆక్షేపణ న్యాయమైనదే. అయితే నాయకుణ్ణి గౌరవించడం వేరు, ఆ స్మరణ రూపాన్ని ఒప్పుకోవడం వేరు. ప్రభుత్వ వేడుక లేకపోతే పోరాటమే మరుగున పడేదన్నది రెండో ఆక్షేపణ. వేడుక పేరును నిలబెట్టింది, నిజమే. కానీ కారణాలను నిలబెట్టలేదు. అందువల్ల జూలై 4ను తగ్గించనక్కర్లేదు. ఆగస్టు 22ను చింతపల్లిలో అధికారికంగా జరపాలి, గాం సోదరుల పేర్లను పాఠ్యపుస్తకాల్లో చేర్చాలి, ఆ రోజు గ్రామసభల్లో అటవీ హక్కుల దరఖాస్తులను పరిష్కరించాలి.