స్టాన్లీ మాథ్యూస్: 50 ఏళ్ల వయసులోనూ మైదానం వదలని వింగర్

ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో వింగర్ అంటే ముందుగా గుర్తొచ్చే పేరు సర్ స్టాన్లీ మాథ్యూస్. కుడి అంచున బంతితో డిఫెండర్ దగ్గరకు నెమ్మదిగా వెళ్లడం, ఒకవైపు వంగినట్టు కనిపించి మరోవైపు దూసుకుపోవడం ఆయన ఆట. అందుకే అభిమానులు ‘డ్రిబుల్ మాంత్రికుడు’ అన్నారు.

మాథ్యూస్ 1915 ఫిబ్రవరి 1న స్టోక్-ఆన్-ట్రెంట్‌లోని హ్యాన్లీలో పుట్టారు. తండ్రి జాక్ మంగలి షాపు నడిపేవారు, బాక్సర్ కూడా. పొద్దున్నే లేచి కసరత్తు చేసే అలవాటు తండ్రి దగ్గరే వచ్చింది. 1932లో 17 ఏళ్లకే స్టోక్ సిటీ తరఫున, 1934లో ఇంగ్లండ్ తరఫున తొలి మ్యాచ్ ఆడారు.

32 ఏళ్లకు ‘అయిపోయాడు’

1947లో స్టోక్ ఆయన్ను 11,500 పౌండ్లకు బ్లాక్‌పూల్‌కు అమ్మేసింది. వయసు 32. ఇంకెన్నాళ్లు ఆడతాడులే అనుకున్నారు చాలామంది. బ్లాక్‌పూల్‌తో 1948, 1951 ఎఫ్ఏ కప్ ఫైనల్స్‌లో ఓటమే ఎదురైంది. 1953లో బోల్టన్‌పై 1-3తో వెనకబడిన జట్టు చివరికి 4-3తో గెలిచింది. స్టాన్ మోర్టెన్సన్ మూడు గోల్స్ కొట్టినా, జనం మాత్రం దాన్ని ‘మాథ్యూస్ ఫైనల్’ అనే పిలుస్తారు.

1956లో మొట్టమొదటి బాలన్ డోర్ అవార్డు ఆయనకే దక్కింది. అప్పటికి వయసు 41. 1957లో 42 ఏళ్లకు ఇంగ్లండ్ తరఫున చివరి మ్యాచ్ ఆడారు.

ఇంత పేరున్నా సంపాదన అంతంతమాత్రమే. ఆటగాళ్ల జీతాలపై పరిమితి ఉండేది. 1961లో దాన్ని ఎత్తేసే నాటికి అది వారానికి 20 పౌండ్లు.

మళ్లీ సొంతగూటికి

అదే ఏడాది 46 ఏళ్ల మాథ్యూస్‌ను స్టోక్ మళ్లీ తీసుకుంది. అంతకుముందు మ్యాచ్‌కు 8 వేల చిల్లర మందే వస్తే, ఆయన వచ్చిన రోజు దాదాపు 36 వేల మంది వచ్చారు. పెట్టిన ఖర్చు టికెట్లలోనే తిరిగొచ్చింది! 1963లో జట్టు రెండో డివిజన్ గెలిచి పై డివిజన్‌కు చేరింది.

1965లో ఆడుతుండగానే నైట్‌హుడ్ వచ్చింది. ఆ ఫిబ్రవరి 6న, 50 ఏళ్లు నిండిన ఐదో రోజున, ఫుల్‌హామ్‌పై చివరి లీగ్ మ్యాచ్ ఆడారు. 33 ఏళ్ల కెరీర్‌లో ఒక్కసారి కూడా రిఫరీ ఆయన్ను బయటకు పంపలేదు.

తర్వాత వర్ణవివక్ష నడుస్తున్న దక్షిణాఫ్రికాలో, సొవెటో నల్లజాతి పిల్లలకు ఆట నేర్పారు. 1975లో వాళ్లను బ్రెజిల్ పర్యటనకు తీసుకెళ్లారు. 2000 ఫిబ్రవరి 23న కన్నుమూశారు. ఆయన అస్థికలను స్టోక్ స్టేడియం మధ్య వలయం కిందే ఉంచారు.