ఆదివారం ఎవరిది? బేస్‌బాల్ గ్రౌండ్‌కి నడిచొచ్చిన క్యాథలిక్కుల కథ

ఈరోజు కథని 1953లో, న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో, సెయింట్ ఫ్రాన్సిస్ జేవియర్ అనే చర్చిలో మొదలుపెడదాం. ఆదివారం పూజ జరుగుతోంది. విపరీతమైన ఉక్కపోత. ప్రసంగం చెప్పాల్సిన ఫాదర్ హెర్బర్ట్ రెడ్‌మండ్ గారు, ఈ వేడిలో ప్రసంగం ఎందుకులెండి, ఇళ్ళకెళ్ళి దేవుడి ఆజ్ఞలు పాటించండి, గిల్ హాడ్జెస్ కోసం ఒక ప్రార్థన చేసుకోండి అని చెప్పి ముగించేశారు.

ఈ గిల్ హాడ్జెస్ పునీతుడు కాదు, మంచాన పడ్డ రోగి కూడా కాదు. బ్రూక్లిన్ డాడ్జర్స్ టీమ్‌లో బ్యాటర్. అంతకు ముందు ఏడాది, 1952 వరల్డ్ సిరీస్‌లో, ఏడు మ్యాచ్‌లు ఆడి, లెక్కలోకి వచ్చే 21 ఛాన్సుల్లో ఒక్క హిట్ కూడా కొట్టలేదు. మన భాషలో చెప్పాలంటే ఐపీఎల్ ఫైనల్స్ వరసగా ఏడు ఆడి అన్నింట్లో డకౌట్ అయినట్టు. ఆ ఫామ్ 1953 సీజన్‌లోకి కూడా పాకింది.

ఇప్పుడు ఆలోచించండి. మనోళ్ళు ఎవరైనా ఇలా ఆడితే మనం ఏం చేస్తాం? మీమ్స్ వేస్తాం. బ్రూక్లిన్ జనం మాత్రం ఆయన్ని వెక్కిరించలేదు. ఉత్తరాలు రాశారు, జపమాలలు పోస్ట్‌లో పంపారు. చర్చిలో ప్రార్థన చేశారు. ఒక ఆటగాడి ఫామ్ ఊరంతటికీ ఇంటి సమస్య అయిపోయింది. ఇది ఎలా కుదిరింది? ఎందుకంటే ఫాదర్ గారు ఆ మాట అనడానికి 34 ఏళ్ళ ముందు వరకు, అదే న్యూయార్క్‌లో, ఆదివారం టికెట్ పెట్టి బేస్‌బాల్ ఆడించడం నేరం. నిజంగానే పోలీసులు వచ్చి పట్టుకునేవాళ్ళు.

ఆ చట్టాల పేరు బ్లూ లాస్. అమెరికాకి మొదట్లో వచ్చిన ప్యూరిటన్లు, వాళ్ళ తర్వాతి ప్రొటెస్టెంట్ సంఘాలు ఆదివారాన్ని విశ్రాంతి దినంగా చాలా కఠినంగా పాటించేవాళ్ళు. వ్యాపారం, వినోదం, ఆటలు, ఏవీ కుదరవు. తర్వాత ఐర్లండ్, జర్మనీ, ఇటలీ, పోలండ్ నుంచి లక్షల మంది క్యాథలిక్కులు వచ్చారు. వీళ్ళ ఆదివారం వేరు. పొద్దున పూజకి వెళ్ళాలి, అది తప్పనిసరి. పూజ అయ్యాక కుటుంబంతో తినడం, తిరగడం, ఆడుకోవడం, వీటిలో వాళ్ళకి పాపం కనిపించలేదు. ఇద్దరూ యేసునే నమ్ముతారు, ఇద్దరూ ఆదివారాన్ని పవిత్రం అంటారు. కానీ మధ్యాహ్నం రెండు గంటలకి ఏం చేయాలి అన్న దగ్గర పెద్ద గొడవ.

ఇందులో ఇంకో కోణం ఉంది, నా దృష్టిలో అసలైనది అదే. ఐదు రోజుల వారం అలవాటైన మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇది వెంటనే తట్టదు. ఫ్యాక్టరీలో, రేవులో పనిచేసేవాడికి సోమవారం నుంచి శనివారం వరకు పని. అప్పటికి గ్రౌండ్‌లలో ఫ్లడ్‌లైట్లు లేవు, మ్యాచ్‌లన్నీ పగలే. మరి అతను మ్యాచ్ ఎప్పుడు చూడాలి? ఆదివారం ఆట లేదంటే కూలివాడికి ఆట లేనట్టే. డబ్బున్నవాడు మంగళవారం మధ్యాహ్నం కూడా వెళ్ళగలడు. అంటే చూడ్డానికి అది మతం చట్టం, దెబ్బ మాత్రం జేబుని బట్టి పడుతుంది.

క్లబ్బులు కూడా తక్కువ తినలేదు. 1904లో బ్రూక్లిన్ టీమ్ ఏం చేసిందంటే, ఆదివారం టికెట్ అమ్మలేదు. ఎంట్రీ ఫ్రీ. కాకపోతే లోపలికి రావాలంటే స్కోర్‌కార్డ్ కొనుక్కోవాలి, దాని రేటు మీరు కూర్చునే సీటుని బట్టి ఉంటుంది! కోడ్‌లో లూప్‌హోల్ వెతకడం మనమే కనిపెట్టామనుకుంటాం కానీ, వీళ్ళు వందేళ్ళ క్రితమే చేసేశారు. పోలీసులు ఒప్పుకోలేదు, అరెస్టులు జరిగాయి.

1917 ఆగస్టులో ఇంకా పెద్ద సీన్. న్యూయార్క్ జెయింట్స్‌కీ సిన్సినాటి రెడ్స్‌కీ ఆదివారం మ్యాచ్. సైనికుల కుటుంబాల సాయం కోసం ఆడించారు. అయినా ఇద్దరు మేనేజర్ల మీదా కేసు పెట్టారు. ఒకరు ఐరిష్ క్యాథలిక్ జాన్ మెక్‌గ్రా. రెండోవాడు క్రిస్టీ మ్యాథ్యూసన్, గొప్ప పిచర్‌గా పేరు తెచ్చుకున్న ప్రొటెస్టెంట్. ఆదివారం ఆడనని వాళ్ళ అమ్మకి మాటిచ్చిన మనిషి! ఆయన్నే ఆదివారం కేసులో బుక్ చేశారు. మెజిస్ట్రేట్ ఫ్రాన్సిస్ మెక్‌క్వేడ్ కేసు కొట్టేశారు. రెండేళ్ళ తర్వాత ఇదే మెక్‌క్వేడ్ జెయింట్స్ క్లబ్‌లో వాటాదారు అయ్యారు. దీని గురించి నేనేం అనను, మీరే అనుకోండి.

చివరికి 1919లో మార్పు వచ్చింది. ఆదివారం ఆట పెట్టాలా వద్దా అనేది ఏ ఊరికి ఆ ఊరే నిర్ణయించుకోవచ్చు, ఆట మాత్రం మధ్యాహ్నం రెండు తర్వాతే మొదలవ్వాలి అని న్యూయార్క్ రాష్ట్రం చట్టం చేసింది. బిల్లు పెట్టింది జిమ్మీ వాకర్, క్యాథలిక్. సంతకం పెట్టింది గవర్నర్ ఆల్ స్మిత్, ఆయనా క్యాథలిక్కే. ఆ రెండు గంటల రూల్ చూడండి. పొద్దున చర్చిది, మధ్యాహ్నం జనానిది. ఆ మే 4న న్యూయార్క్‌లో మొదటిసారి చట్టబద్ధంగా ఆదివారం మ్యాచ్‌లు జరిగాయి. పొద్దున పూజలో పక్కపక్కన కూర్చున్నవాళ్ళే మధ్యాహ్నం స్టాండ్‌లో పక్కపక్కన కూర్చోగలిగారు.

క్యాథలిక్కులే అంతా చేశారంటే మాత్రం తప్పు. కార్మిక సంఘాలున్నాయి, యూదులున్నారు, ఆట ఇష్టపడే ప్రొటెస్టెంట్లు చాలామంది ఉన్నారు. పక్క రాష్ట్రం పెన్సిల్వేనియాలో 1794 నాటి చట్టం ఇంకా నడుస్తూనే ఉంది. ఫిలడెల్ఫియా అథ్లెటిక్స్‌ని నడిపిన ఐరిష్ క్యాథలిక్ కానీ మ్యాక్ 1926లో ఒక ఆదివారం మ్యాచ్ ఆడించి కోర్టులో ఓడిపోయారు. అక్కడ 1933లో ఓటింగ్ పెట్టాక, 1934లో గానీ ఆదివారం ఆట రాలేదు.

చట్టం మారినంత మాత్రాన మనసులు మారిపోలేదు. 1920లలో కు క్లక్స్ క్లాన్ అమెరికా అంతా విస్తరించింది. వాళ్ళ శత్రువుల లిస్టులో నల్లజాతివాళ్ళు, యూదులతో పాటు క్యాథలిక్కులూ ఉన్నారు. కాన్సాస్ రాష్ట్రంలోని విచిటాలో 1925 జూన్ 21న క్లాన్ వాళ్ళ టీమ్‌కీ, మన్రోవియన్స్ అనే నల్లజాతి టీమ్‌కీ మ్యాచ్ జరిగింది. అదీ ఆదివారమే. పక్షపాతం లేకుండా ఉండాలని అంపైర్లుగా ఎవరిని పెట్టారో తెలుసా? ఇద్దరు ఐరిష్ క్యాథలిక్కుల్ని. మన్రోవియన్స్ 10-8తో గెలిచారు. ఈ ఒక్క మ్యాచ్ మీద సినిమా తీయొచ్చు, ఎవరూ ఎందుకు తీయట్లేదో నాకర్థం కాదు.

ఆదివారం చట్టం మీద సంతకం పెట్టిన ఆల్ స్మిత్ 1928లో అమెరికా అధ్యక్ష పదవికి పోటీ చేశారు. ఈయన గెలిస్తే దేశాన్ని పోప్ గారు నడుపుతారని ప్రచారం చేశారు. ఘోరంగా ఓడిపోయారు. ఓటమికి మతం ఒక్కటే కారణం కాదు, కానీ అది పెద్ద కారణమే. నువ్వు పూర్తి అమెరికన్ కాదు అని ఓటుతో చెప్పే దేశంలో, స్టాండ్స్‌లో మాత్రం ఆ మాట ఎవరూ అనరు. అక్కడ నీ టీమ్ ఏదని మాత్రమే అడుగుతారు. స్టాండ్స్‌కీ ఒక హద్దుంది, అది మర్చిపోకూడదు. 1947లో జాకీ రాబిన్సన్ బ్రూక్లిన్ తరఫున దిగే వరకు పెద్ద లీగుల్లో నల్లజాతి ఆటగాళ్ళకి చోటే లేదు. తెల్ల క్యాథలిక్కులకి దొరికిన తలుపు వాళ్ళకి అప్పటి వరకు మూసే ఉంది.

ఇప్పుడు 1953 ఆదివారానికి రండి. ఆ చర్చిలో కూర్చున్న పెద్దవాళ్ళు, ఆదివారం ఆటకి వెళ్తే పోలీసులొచ్చే రోజులు చూసినవాళ్ళు. వాళ్ళ ముందు ఫాదర్ గారు పీఠం దగ్గర నిలబడి ఒక బ్యాటర్ పేరు చెప్పి ప్రార్థించమన్నారు. హాడ్జెస్ ఇండియానా నుంచి వచ్చిన క్యాథలిక్, బ్రూక్లిన్ ఇటాలియన్ ఇంటి అమ్మాయి జోన్‌ని పెళ్ళిచేసుకుని అక్కడే కాపురం పెట్టారు. ఊరికి అల్లుడన్నమాట.

ప్రార్థన పనిచేసిందా అంటే, నేను స్కోర్ మాత్రమే చెప్తాను. ఆ సీజన్ ముగిసేసరికి హాడ్జెస్ యావరేజ్ .302, హోమ్ రన్స్ 31. అయినా వరల్డ్ సిరీస్‌లో డాడ్జర్స్ మళ్ళీ యాంకీస్ చేతిలోనే ఓడిపోయారు. 1955 అక్టోబర్ 4న, యాంకీ స్టేడియంలో, ఏడో మ్యాచ్‌లో బ్రూక్లిన్ 2-0తో గెలిచింది. ఆ రెండు పరుగులూ హాడ్జెస్ బ్యాట్ వల్లే వచ్చాయి. బ్రూక్లిన్ డాడ్జర్స్ గెలిచిన ఒకే ఒక్క వరల్డ్ సిరీస్ అది. రెండేళ్ళకి యజమాని టీమ్‌ని లాస్ ఏంజలెస్‌కి పట్టుకుపోయారు.

సరిగ్గా పదేళ్ళకి, 1965 అక్టోబర్ 4న, అదే యాంకీ స్టేడియంలో ఆరవ పౌల్ పోప్ గారు పూజ చేశారు. అమెరికా గడ్డ మీద ఒక పోప్ చేసిన మొదటి పూజ అది. న్యూయార్క్‌లో పెద్ద కెథడ్రల్ ఉంది, అయినా అంత జనం పట్టాలంటే బాల్ గ్రౌండే కావాల్సొచ్చింది. 1979లో, 2008లో కూడా పోప్‌లు ఆ స్టేడియంలోనే పూజ చేశారు.

ఈ రోజుల్లో అక్కడి క్లబ్బులు క్యాథలిక్ నైట్ అని పెట్టి గ్రూప్ టికెట్లు అమ్ముతున్నాయి. అందులో మార్కెటింగ్ వాసన నాకు బాగానే కొడుతుంది. అలాగని ఒకే విచారణ జనం బస్సు కట్టుకుని, పిల్లల్ని, ముసలివాళ్ళని తీసుకుని వెళ్ళడం అబద్ధమూ కాదు. 1919లో వాళ్ళ ముత్తాతలు అడిగింది అదే.

హాడ్జెస్ సంగతి చెప్పకుండా వదలకూడదు. తర్వాత మేనేజర్‌గా మారి 1969లో న్యూయార్క్ మెట్స్‌ని గెలిపించారు. 1972లో, ఈస్టర్ ఆదివారం రోజు, గుండెపోటుతో పోయారు. 48 నిండటానికి రెండు రోజుల ముందు. హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు కోసం మాత్రం కుటుంబం యాభై ఏళ్ళు ఎదురుచూసింది. 2022 జులై 24న, మళ్ళీ ఒక ఆదివారం నాడు, ఆయన పేరు అక్కడ చేరింది. జోన్ గారికి అప్పటికి 95 ఏళ్ళు. బ్రూక్లిన్‌లో ఇంట్లోనే కూర్చుని చూశారు. సెప్టెంబర్‌లో ఆవిడా వెళ్ళిపోయారు.

ఈ ఎపిసోడ్‌కి ఇంతే. వచ్చే వారం కలుద్దాం.