ధిక్కారమా, విధేయతా? తెలంగాణ కల్లు గ్రామాల్లో కౌమార మద్యపానం

పిల్లల తాగుడు మీద మన దగ్గర ఏ పరిశోధన తిరగేసినా అమెరికన్ మనస్తత్వవేత్త రిచర్డ్ జెస్సర్ ఎదురవుతాడు. షర్లీ జెస్సర్‌తో కలిసి 1977లో ఆయన ప్రచురించిన గ్రంథం ప్రకారం కుర్రవాడి తాగుడు విడి అలవాటు కాదు. చదువు మీద, మతం మీద పట్టు సడలడం, తల్లిదండ్రుల కన్నా స్నేహితుల మాటకు విలువ పెరగడం, గంజాయి, చిల్లర నేరాలు, అన్నీ ఒకే మోపుగా వచ్చే ధిక్కారం అది. ఆయన పరిశీలించిన కొలరాడో విద్యార్థుల విషయంలో నిజమే కావచ్చు. ఆ చట్రాన్ని ఉన్నదున్నట్టు తెచ్చి ఉమ్మడి నల్లగొండ ఊళ్లకు బిగించడంతోనే నా పేచీ.

ఈ ఊళ్లలో నేను చూసిన తొలి గుటకలో ధిక్కారం లేదు. ఎండాకాలం పొద్దున ఈతకల్లు సలువ చేస్తదని మనవడి గ్లాసులో పోసేది నాయనమ్మే. పెళ్లి దావతులో, దసరా నాడు, చావు దినాల్లో పెద్దల పంక్తిలో కూర్చున్న పిల్లవాడికీ ఓ వాటా ఉంటుంది. వద్దంటేనే పెద్దల మాట కాదన్నట్టు. బోనాల్లో అమ్మవారికి కల్లు సాక పోశాక మిగిలింది ఇంట్లోవాళ్లు పంచుకోవడం చూశాను. భక్తి కుర్రవాణ్ణి తాగుడు నుంచి కాపాడుతుందన్న జెస్సర్ లెక్క ఇక్కడ తలకిందులవుతుంది. బుద్ధిమంతుడైన కొడుకే ముందు తాగుతాడు.

అంకెలూ ఇటే మొగ్గుతున్నాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో పదిహేనేళ్లు దాటిన వాళ్లలో మద్యం తీసుకునే మగవాళ్లు తెలంగాణలో 43.3 శాతం, దేశంలో 18.8. అందరూ ఈ అంకె దగ్గరే ఆగిపోతారు. చూడవలసింది స్త్రీల వరస: ఇక్కడ 6.7 శాతం, దేశం మొత్తం మీద దానిలో అయిదో వంతు. తల్లి కూడా తాగే ఇంట్లో తాగుడు దాచుకునే పని కాదు, పండగ పని. 2019లో వెలువడిన ఎయిమ్స్ జాతీయ సర్వే మాత్రం పదినుంచి పదిహేడేళ్ల పిల్లల్లో తాగేవాళ్లు 1.3 శాతమేనంది. ఇంటికొచ్చి అడిగితే, అందులోనూ కల్లును మందు కింద జమకట్టని ఇంట్లో అడిగితే, వచ్చే జవాబు అంతే ఉంటుంది.

ఇంట్లో కొంచెం అలవాటు చేస్తే బయట అదుపులో ఉంటాడని చాలామంది తండ్రుల నమ్మకం. ఆస్ట్రేలియాలో 1,927 మంది పిల్లల్ని ఆరేళ్లు వెంబడించి 2018లో ప్రచురించిన అధ్యయనం దీన్ని కొట్టిపారేసింది. తల్లిదండ్రులు పోసిన మద్యం రక్షణ ఇవ్వలేదు. అలాంటి పిల్లలు బయటి నుంచి కూడా మద్యం తెచ్చుకునే అవకాశం పెరిగింది. అక్కడి సీసా, మన కల్లుముంత ఒకటి కావన్న అభ్యంతరం ఉంది. దాన్ని ఇక్కడే వదిలేస్తున్నాను.

ఇంట్లో తొలి గుటక మొదటి అంకమైతే, మత్తులో పడిపోవడం రెండో అంకం. పది పాసయి ఇంటర్‌లో చేరిన కుర్రాళ్లు పెళ్లిళ్ల సీజన్లో క్యాటరింగ్‌కు, సెలవుల్లో సెంట్రింగ్ పనికి పోతారు. చేతిలో సొంత డబ్బు పడేది అప్పుడే. చట్టం ఇరవై ఒక్కేళ్లంటుంది. కిరాణా కొట్టు వెనక బెల్టు షాపులో క్వార్టర్ అడిగితే వయసు అడిగేవాడు లేడు. కల్లయినా పాత కల్లు కాదు. 2015 సెప్టెంబరులో కల్తీ మీద దాడులు జరిగినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ ఆసుపత్రులు వింత ప్రవర్తనతో వచ్చిన వాళ్లతో నిండాయి. అన్నాళ్లూ కల్లులో కలిపిన డైజిపామ్, ఆల్ప్రజోలమ్ లాంటి మందులకు ఒళ్లు అలవాటుపడి, ఒక్కసారిగా అందక వచ్చిన తిప్పలవి. నాయనమ్మ పోసే గ్లాసులో ఏముందో నాయనమ్మకూ తెలియదు.

మరి స్నేహితులు? స్నేహితులు ఒకేలా ఉండటంలో ఒకరి ప్రభావం మరొకరి మీద ఎంతో, తనలాంటివాణ్ణి ఎంచుకోవడమూ దాదాపు అంతేనని పరిశోధకురాలు డెనిస్ కాండెల్ 1978లోనే చూపింది. గుటక రుచి ఇంట్లో చూసినవాడే బెల్టు షాపు జోడీని వెతుక్కుంటాడు. జెస్సర్ చట్రంలో తల్లిదండ్రుల ఆమోదానికీ ఓ గడి ఉందనేది నిజమే. మనవాళ్లు దాన్ని పట్టించుకోరు.

కాబట్టి కాలేజీ గోడల మీద పోస్టర్లు, ఊళ్లో ర్యాలీలు తప్పు గుమ్మం ముందు చేస్తున్న కేకలు. మాట్లాడవలసింది అంగన్‌వాడీకి వచ్చే తల్లులతో, నాయనమ్మలతో. వచ్చే సర్వే ప్రశ్నావళిలో ఏ వయసులో మొదలుపెట్టావన్న ప్రశ్న కిందే ఎవరు పోశారన్నది చేర్చాలి. అది కూడా ఇంటి అరుగు మీద కాదు, బడిలో, పేరు రాయించకుండా అడగాలి.